వెలి పడ్డవాళ్లే వెలి వేసిన నాడు

స్వీడన్ బాప్టిస్టు సమాఖ్య ఇప్పుడు లేదు. 1848లో సముద్రపు నీళ్లలో పుట్టి, జైళ్లూ జరిమానాలూ దేశబహిష్కారమూ అన్నీ చూసి, ఒకనాటికి 60 వేల మందికి పైగా తన నీడన చేర్చుకున్న ఆ సమాఖ్య, 2011లో మెథడిస్టులతోనూ మిషన్ కవనెంట్ సంఘంతోనూ కలిసి, ఆ కలయికలోనే తన పేరు పోగొట్టుకుంది. అప్పటికి మిగిలినవాళ్లు 20 వేల లోపే. ఎవరూ తరమలేదు. ఏ న్యాయస్థానమూ తీర్పు చెప్పలేదు. కొట్టినప్పుడు చావని సంఘం, కొట్టడం మానేసిన దేశంలో మెల్లగా కరిగిపోయింది. ఆ కరగడం ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ వెనక్కి నడిస్తే, పగవాళ్ల కంటే ముందు తోబుట్టువులే ఎదురవుతారు. అందుకే ఈ కథ చెప్పేటప్పుడు గొంతు పట్టేస్తుంది.

ఆ రోజుల్లో స్వీడన్‌లో పుట్టుకే మతం. పాదిరి లేకుండా ఇళ్లలో కూడి ప్రార్థన చేసుకోవడం 1726 నాటి రాజశాసనం ప్రకారం నేరం. బిడ్డ పుడితే లూథరన్ గుడికి ఎత్తుకెళ్లాలి, నెత్తిన నీళ్లు పోయించాలి, ఊరి పాదిరి దగ్గరున్న దస్త్రంలో పేరెక్కించాలి. పెళ్లికైనా చావుకైనా ఆ దస్త్రమే ఆధారం. నేను నమ్మిన రోజున నా అంతట నేను నీళ్లలో దిగుతాను, నా బిడ్డ కూడా పెద్దదై నమ్మిన రోజునే దిగుతుంది అనే మనిషికి ఆ దస్త్రంలో చోటు లేదు.

అలాంటి మనిషి ఫ్రెడ్రిక్ ఓలాస్ నిల్సన్. 1809లో హాల్లండ్ సీమలో పుట్టాడు. సముద్రం మీద బతికాడు. 1834లో న్యూయార్క్‌లో ఉండగా ఆయన మనసు మారింది. అయిదేళ్ల తర్వాత స్వదేశానికి వచ్చి, గోథెన్‌బర్గ్ రేవులో తనలాంటి ఓడమనుషుల మధ్య వాక్యం చెబుతూ, పుస్తకాలూ కరపత్రాలూ పంచుతూ తిరిగాడు. పేరుకి అప్పటికీ లూథరనే. బాప్తిస్మం గురించి ప్రశ్న ఆయన ముందుకొచ్చింది కూడా ష్రోడర్ అనే ఇంకొక ఓడమనిషి నోటనే. ఆ ప్రశ్న ఆయన్ని నిద్రపోనివ్వలేదు. 1847 ఆగస్టు 1న హాంబర్గ్‌లో ఎల్బా నదిలో, జర్మన్ బాప్టిస్టుల పెద్ద ఓన్కెన్ చేతుల మీదుగా మునిగి లేచాడు.

మరుసటి ఏడాది సెప్టెంబరు 21. హాల్లండ్ తీరంలో వాలెర్స్‌విక్ అనే చోట, కట్టెగాట్ సముద్రంలోకి ఐదుగురు దిగారు. నిల్సన్ భార్య ఉల్రికా సోఫియా వాళ్లలో ఒకరు. డెన్మార్క్ నుంచి వచ్చిన ఫోర్‌స్టర్ అనే బోధకుడు వాళ్లకి బాప్తిస్మమిచ్చాడు. ఆ ఉత్తరాది తీరంలో సెప్టెంబరు చివరికొచ్చేసరికి నీళ్లు ఎముకల్ని కొరుకుతాయి. తడిబట్టలు మార్చుకుని, దగ్గర్లోని ఒక పల్లె ఇంట్లో కూర్చుని, ఆ రాత్రే సంఘంగా ఏర్పడ్డారు. స్వీడన్ నేల మీద మొదటి బాప్టిస్టు సంఘం అదే. ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తాము చేసింది నేరమని తెలుసు.

శిక్ష రావడానికి ఎంతో కాలం పట్టలేదు. 1850 చలికాలంలో ఒక ఇంట్లో బోధిస్తుండగా నిల్సన్‌ని పట్టుకుని బందీఖానాలో పెట్టారు. ఆ ఏప్రిల్‌లో యెంషోపింగ్ పట్నంలోని గోటా పై న్యాయస్థానం దేశబహిష్కార శిక్ష వేసింది. రాజు ఆస్కార్‌కి మనవి చేసుకున్నాడు. ఫలించలేదు. 1851 జూలైలో ఆయన తన దేశం విడిచి వెళ్లాడు. దొంగతనం లేదు, హత్య లేదు. పసిబిడ్డల బాప్తిస్మం వాక్యానుసారం కాదని నమ్మడం, నమ్మినది నలుగురికీ చెప్పడం, అంతే. వెనక మిగిలినవాళ్లకి జరిమానాలు, కట్టలేకపోతే జైలు. కొన్నిచోట్ల తల్లుల దగ్గర్నుంచి పసివాళ్లని లాక్కెళ్లి బలవంతాన బాప్తిస్మం ఇప్పించారు. ఒడిలోంచి బిడ్డని తీసుకుపోతుంటే గుమ్మంలో నిలబడ్డ ఆ తల్లుల పేర్లు చాలావరకు ఏ చరిత్ర పుస్తకానికీ ఎక్కలేదు. సంఘాన్ని నిలబెట్టింది మాత్రం వాళ్లే.

ఇక్కడ ఒంగోలు, గుంటూరు గుర్తుకు రాక తప్పదు. 1842లో హాయర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరు వచ్చాడు. నెల్లూరు, ఒంగోలు వైపు బాప్టిస్టులు పనిచేశారు. వాలెర్స్‌విక్‌లో ఆ ఐదుగురు దిగిన దాదాపు ముప్ఫై ఏళ్లకి, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు చావగొట్టిన కాలం అది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగ పల్లెల జనం, ఊరు వెలిగా చూసినవాళ్లు. మన దగ్గర లూథరన్లూ బాప్టిస్టులూ పక్కపక్క తాలూకాల్లో పెరిగి, బడులు కట్టి, ఆసుపత్రులు కట్టి, వియ్యమందుకుని బతికారు. అదే లూథరన్ పేరు మీద ఒక రాజ్యం, అదే బాప్టిస్టు నమ్మకం ఉన్నందుకు ఒక ఓడమనిషిని సరిహద్దు దాటించిందంటే, ఇక్కడి విశ్వాసికి నమ్మబుద్ధి కాదు.

వెలి వేస్తే ఆగిపోతుందనుకున్నారు. ఆగలేదు. నిల్సన్ కోపెన్‌హాగెన్‌లో ఉండగా, 1852 జూలైలో ఒక రాత్రి ఆయన దగ్గరకి ఆండర్స్ విబెర్గ్ వచ్చాడు. లూథరన్ పాదిరిగా పనిచేసినవాడు, చదువుకున్నవాడు, అమెరికా ప్రయాణంలో ఉన్నాడు. దేశం వెళ్లగొట్టిన ఓడమనిషి, ఆ దేశపు పాదిరికి సముద్రంలో బాప్తిస్మమిచ్చాడు. మూడేళ్లకి విబెర్గ్ స్వీడన్ తిరిగొచ్చి, చెదిరిన సంఘాల్ని కూర్చాడు, పత్రిక నడిపాడు. అప్పటికే స్టాక్‌హోంలో పెర్ పాల్మ్‌క్విస్ట్, లండన్‌లో చూసొచ్చిన ఆదివారపు బడిని తన ఊళ్లో మొదలుపెట్టాడు. 1857లో సంఘాల ప్రతినిధులు మొదటిసారి ఒకచోట కూడారు. 1858లో ఇళ్లలో కూడికల మీద ఉన్న పాత శాసనం పోయింది. అదే ఏడాది కాథలిక్ మతంలో చేరిన ఆరుగురు ఆడవాళ్లని స్వీడన్ వెళ్లగొడితే యూరప్ అంతా ఛీ కొట్టింది. 1860లో మత కారణంతో బహిష్కరించే శిక్షే ఎత్తేశారు. నిల్సన్‌కి క్షమాభిక్ష వచ్చింది.

కానీ ఆ 1860 చట్టంలోనే ఒక మెలిక ఉంది, తొలి నష్టం అక్కడే పొంచి ఉందని నాకనిపిస్తుంది. లూథరన్ సంఘం వదిలిపోవాలంటే ప్రభుత్వం గుర్తించిన వేరొక సంఘంలో చేరతానని పాదిరి ముందు నిలబడి చెప్పుకోవాలి. ఆ తతంగం చాలామంది బాప్టిస్టులకి అవమానంగా తోచింది. అందుకే పేరు లూథరన్ దస్త్రంలోనే ఉండనిచ్చి, మనసూ చందా మాత్రం తమ మందిరానికి ఇచ్చారు. దేనిలోనూ చేరకుండా బయటికి వెళ్లే స్వేచ్ఛ 1951 దాకా ఆ దేశంలో ఎవరికీ లేదు. దాదాపు వందేళ్లు వాళ్లు ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ పెట్టుకుని నడిచారు. వాళ్ల పిల్లల పేర్లూ ఆ దస్త్రంలోనే ఎక్కాయి. విశ్వాసం సడలిన రోజున ఆ పిల్లలు పారిపోనక్కర్లేకపోయింది. ఎటూ కదలకుండానే అందరిలాంటి స్వీడన్ పౌరులైపోయారు.

రెండో నష్టం ఓడలెక్కింది. 1850 తర్వాత ఎనభై ఏళ్లలో 12 లక్షలకి పైగా స్వీడన్ ప్రజలు అమెరికా వెళ్లిపోయారు. ఎక్కువమంది వెళ్లింది అన్నం కోసం. బాప్టిస్టులకి మాత్రం అన్నంతోపాటు ఊపిరి కూడా అక్కడే దొరికింది. 1853లో నిల్సనే ఒక గుంపుని వెంటబెట్టుకుని వెళ్లాడు. క్షమాభిక్ష వచ్చాక తిరిగొచ్చి గోథెన్‌బర్గ్ సంఘానికి ఏడేళ్లు కాపరిగా ఉన్నాడు. నిలవలేకపోయాడు. మళ్లీ అమెరికా వెళ్లి, 1881లో మిన్నెసోటాలో కన్నుమూశాడు. పంపేసిన దేశం పిలిచినా, ఆ మనిషి పూర్తిగా తిరిగి రాలేకపోయాడు. ఒక పల్లె సంఘంలోంచి ముగ్గురు యువకులు వెళ్లిపోతే, ఆ పల్లెలో ఆదివారం పాట ఎత్తుకునే గొంతే లేకుండా పోయేది. అయినా సంఘాలు పెరిగాయి. 1866లో స్టాక్‌హోంలో బేతేలు వేదాంత పాఠశాల తెరిచారు. దానికి పెద్ద, అమెరికా అంతర్యుద్ధంలో సేనాధికారిగా పోరాడి వచ్చిన బ్రాడీ. 1900 నాటికి సభ్యులు సుమారు 40 వేలు.

ఆ మంచిరోజుల్లో ఒక చెక్క మందిరం లోపల ఎలా ఉండేదో ఊహించుకోండి. తెల్ల గోడలు, ఇనుప పొయ్యి, బల్లల మీద పాటల పుస్తకాలు. ముందు వేదిక. ఆ వేదిక చెక్కలు ఎత్తితే కింద బాప్తిస్మపు తొట్టి. మంచు కురిసే దేశంలో ఏడాది పొడుగునా సముద్రానికి వెళ్లలేరు గనక, సముద్రాన్నే నేల కిందికి తెచ్చుకున్నారు. బాప్తిస్మం ఉన్న ఆదివారం చెక్కలు తీసేవారు, నీళ్లు నింపేవారు, తెల్లబట్టల్లో పదహారేళ్ల పిల్ల మెట్లు దిగుతుంటే గది గదంతా పాడేది. వారం మధ్యలో ఆడవాళ్లు అదే గదిలో కుట్టుపని కూటం పెట్టుకునేవారు. మేజోళ్లు అల్లేవారు, దుప్పట్లు కుట్టేవారు, వాటిని వేలం వేసి వచ్చిన డబ్బు దూరదేశాల మిషన్ పనికి పంపేవారు. తమకే చాలీచాలని ఇళ్లలోంచి కాంగోకీ చైనాకీ డబ్బు వెళ్లింది. మద్యం మానిపించిన ఉద్యమంలో వాళ్లున్నారు. సంఘ సభలో చెయ్యెత్తి ఓటేయడం, పద్దులు రాయడం, మినిట్స్ చదవడం అక్కడ నేర్చుకున్న సామాన్యుడు, తర్వాత పంచాయతీలోనూ పార్లమెంటులోనూ నిలబడ్డాడు. ఈనాటి స్వీడన్ ప్రజాస్వామ్యం కొంత ఆ చెక్క బల్లల మీద నేర్చుకున్నదే.

ఇప్పుడు 1913 గురించి చెప్పాలి. చెప్పకుండా దాటిపోవాలనిపిస్తుంది.

లేవి పెత్రుస్ బాప్టిస్టు ఇంట పుట్టాడు. పదిహేనేళ్లకే బాప్తిస్మం తీసుకున్నాడు. బేతేలు పాఠశాలలో చదివాడు. 1907లో నార్వే వెళ్లి, అక్కడ రగులుకున్న పెంతెకొస్తు ఉజ్జీవాన్ని చూసి కదిలిపోయి వచ్చాడు. 1911లో స్టాక్‌హోంలో ఫిలదెల్ఫియా అనే కొత్త బాప్టిస్టు సంఘానికి కాపరి అయ్యాడు. చిన్న సంఘం, కూలీలు, పనిమనుషులు, పల్లెల్లోంచి పట్నానికి వచ్చిన యువకులు. ఆ సంఘం బాప్టిస్టు సంఘాల్లో సభ్యులు కానివాళ్లని కూడా ప్రభువు బల్ల దగ్గరికి రానిచ్చింది. అది నియమానికి విరుద్ధమని పెద్దలు అన్నారు. బల్ల మాట పైకి చెప్పిన కారణం. లోపల ఆ కొత్త ఉజ్జీవం పట్ల భయం కూడా ఉంది. 1913లో స్టాక్‌హోం ప్రాంత బాప్టిస్టు సంఘాలు ఫిలదెల్ఫియాని తమలోంచి వెలివేశాయి.

ఆ గదిలో చెయ్యెత్తినవాళ్లలో కొందరి తాతలు జరిమానా కట్టలేక జైల్లో కూర్చున్నవాళ్లే అయి ఉంటారు. కొందరు, పాత శాసనం కింద నడిచిన రహస్య కూడికల కథలు వింటూ పెరిగినవాళ్లే అయి ఉంటారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఎంతో కష్టపడి కాపాడుకున్న క్రమం చెదిరిపోతుందని భయపడ్డారు. నియమం వాళ్ల పక్షానే ఉంది. గోటా న్యాయస్థానం పక్షానా నియమమే ఉంది కదా అని ఆ రోజు ఒక్క ముసలాయన లేచి అడిగి ఉంటే? ఏడాది ఆగుదాం, ఆ కుర్రకాపరిని ఇంటికి పిలిచి మాట్లాడదాం, కలిసి మోకాళ్లు వేద్దాం అని ఒక్కరు అని ఉంటే? అప్పటికి పెత్రుస్‌కి ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. ఆయన తెంచుకుపోలేదు. తెంచారు. నిప్పు ఎక్కువైందని పొయ్యిలోంచి కట్టెలు తీసి వాకిట్లో పారేసిన ఇల్లు, ఆ తర్వాత ఎన్ని చలికాలాలు వణికిందో.

వాకిట్లో పడ్డ ఆ కట్టెలు ఆరిపోలేదు. ఫిలదెల్ఫియా వేల మంది సభ్యులతో ఎదిగి, 1930లో స్టాక్‌హోంలో పెద్ద మందిరం కట్టుకుంది. ఆ సంఘం చుట్టూ స్వీడన్ పెంతెకొస్తు ఉద్యమం లేచింది. బాప్టిస్టు ఇళ్లలోంచే యువకులు అటు నడిచారు. చివరికి ఆ ఉద్యమం లక్ష సభ్యుల్ని కూడా దాటింది. బాప్టిస్టు సమాఖ్య ఏనాడూ ఆ సంఖ్య చూడలేదు.

ఒకసారి జరిగితే పొరపాటు. రెండోసారీ జరిగింది. ఓరెబ్రో పట్నంలో జాన్ ఓంగ్‌మన్ అనే కాపరి ఉండేవాడు. అమెరికా వెళ్లి, తిరిగొచ్చినవాడు. ఉజ్జీవాన్ని చూసి భయపడలేదు, సమాఖ్యనీ వదల్లేదు, రెండింటినీ కలిపి పట్టుకున్నాడు. ఆడపిల్లల్ని సువార్తికురాళ్లుగా తీర్చి ఊళ్లకి పంపాడు. ఆయన 1892లో మొదలుపెట్టిన ఓరెబ్రో మిషన్, సమాఖ్య లోపలే ఉంటూ తన పని తాను చేసుకునేది. ఆయన బతికున్నంతకాలం ఆ పట్టు సడలలేదు. 1931లో ఆయన పోయాడు. ఐదారేళ్లు తిరక్కుండానే సంఘాలు ఇటో అటో తేల్చుకోవలసి వచ్చింది. ఒక్కో ఊళ్లో మందిరం ఎవరిదన్న మాట వచ్చింది. ఒకే తొట్టిలో మునిగి లేచిన అన్నదమ్ములు వేర్వేరు గుమ్మాలు తొక్కారు. సభ్యులు 60 వేలు దాటిన దశాబ్దం అదే. శిఖరం మీద నిలబడే చీలిపోయారు.

ఆ తర్వాతి కథకి పెద్ద సంఘటనలు లేవు, అందుకే అది మరీ బరువు. యుద్ధం తర్వాత స్వీడన్ సంపన్నమైంది. వైద్యం, చదువు, వృద్ధాప్యపు ఆసరా అన్నీ ప్రభుత్వమే చూసుకుంది. ఒకప్పుడు సంఘం చేసిన పని అది, మంచి పని, జరగవలసిన పని. పల్లెల్లో కర్రకోత మిల్లులు మూతపడ్డాయి, పిల్లలు పట్నాలకి వెళ్లారు. పట్నంలో ఆదివారం ఉదయం ఆటస్థలానిదైంది. ఎవరూ దేవుణ్ని తిట్టలేదు, తలుచుకోవడం మానేశారు. పల్లె మందిరంలో పన్నెండుమంది, తర్వాత ఏడుగురు, తర్వాత కాఫీ కలపడానికి ఒక ముసలామె. మందిరం అమ్మకానికి వచ్చేది. కొన్నవాళ్లు వేసవి ఇల్లుగా మార్చుకునేవారు. నేల బాగుచేయబోయి చెక్కలు ఎత్తితే, కింద మెట్లున్న సిమెంటు గొయ్యి. ఇదేమిటో చెప్పగలవాళ్లు ఊళ్లో ఉన్నారో లేరో.

ఓడిపోయింది వీళ్లొక్కరే కాదన్నది ఓదార్పు కాదు, మరింత దుఃఖం. నిల్సన్‌ని వెళ్లగొట్టిన లూథరన్ సంఘం 2000 జనవరి 1న రాజ్యం నుంచి విడిపోయింది. దేశంలో సగం మంది ఈనాటికీ అందులో సభ్యులే, ఆదివారం ఆరాధనకి వచ్చేవాళ్లు మాత్రం వేళ్లమీద లెక్క. 1986లో వచ్చిన లూథరన్ పాటల పుస్తకంలో మొదటి 325 పాటలు, స్వతంత్ర సంఘాల పుస్తకంలోనూ అవే సంఖ్యలతో ఉన్నాయి. నిల్సన్ వారసులూ, నిల్సన్ మీద తీర్పు చెప్పినవాళ్ల వారసులూ ఒకే పాట ఒకే సంఖ్య చెప్పి ఎత్తుకోగలిగే రోజు వచ్చింది. వచ్చేసరికి పాడే గొంతులు రెండు వైపులా తగ్గిపోయాయి.

1990లలో బేతేలు పాఠశాల మరొక పాఠశాలలో కలిసింది. 2011లో సమాఖ్యే కలిసింది. అలా ఏర్పడ్డ ఎక్వుమెనియా సంఘంలో పసిబిడ్డకి బాప్తిస్మం ఇస్తారు, పెరిగి నమ్మినవాళ్లకీ ఇస్తారు. రెంటినీ గౌరవిస్తారు. బల్ల అందరికీ తెరిచే ఉంటుంది. ఆ కలయికని నేను తప్పుపట్టను. అలిసిపోయిన ముగ్గురు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకోవడంలో తప్పేముంది? కానీ ఒక్కటి మింగుడుపడదు. 1913లో ఏ బల్ల కోసం ఫిలదెల్ఫియాని బయటికి పంపారో, ఆ బల్లని చివరికి వాళ్లే తెరిచారు. ఆ కలయిక నాటికి పెత్రుస్ లేడు. తొంభై ఏళ్లు బతికి, 1974లోనే వెళ్లిపోయాడు. వెలిపడ్డ సంఘం మనవలకి ఆ పాత ఇల్లు తమదన్న తలపు కూడా లేదు. 2011 కలయికలో ఫిలదెల్ఫియా నుంచి పెరిగిన పెంతెకొస్తు సంఘాలు చేరలేదు. ఓరెబ్రో మిషన్ నుంచి పెరిగిన సంఘాలూ చేరలేదు. నమ్మినవాళ్లకే బాప్తిస్మం అన్న నిల్సన్ మాట స్వీడన్‌లో ఈ రోజు గట్టిగా నిలిచి ఉన్నది ఆ రెండు ఇళ్లలోనే. వాటి గుమ్మం మీద బాప్టిస్టు అన్న పేరు మాత్రం లేదు.